మోకాలి సాక్ష్యం

బండ్లనీ జనాన్నీ దాటించే పంటు అవతలి ఒడ్డునే ఉండిపోయింది. ముక్తేశ్వరం రేవులో ఇంజను మొరాయించిందట. గంట పట్టొచ్చు, గంటన్నర పట్టొచ్చు, గోదారి ఎర్రగా మెట్ల దాకా వచ్చేసింది కాబట్టి నాటు పడవలు కూడా కట్టేశారు అని కోటిపల్లి రేవులో టికెట్లు కోసే ఆయన రేకుల షెడ్డు కింద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. మాకూ చెప్పబోయి, మా తమ్ముడి ముఖం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మండపేట కబడ్డీ టీము సన్నీ గారు కదండీ? ఆయ్, బండి ఆపినప్పుడే అనుకున్నానండి. ఫైనల్లో మీరెళ్ళిన ఆఖరి మూడు కూతలూ మావాళ్ళు ఫోన్లో ఇప్పటికీ వేసుకుని చూస్తారండి బాబూ. ఈసారి కపిలేశ్వరపురం మారిపోతున్నారటగా? ఇద్దరు కుర్రాళ్ళనిచ్చి మిమ్మల్నొక్కర్నీ పట్టుకెళ్తారటగా?"

"ఆయ్," అన్నాడు సన్నీ.

"ఒక్కరికి ఇద్దరండీ! విలువంటే మరదీ."

సన్నీ నవ్వినట్టు పెదాలు కదిపి, బండికి స్టాండు వేసి, నాకు నాలుగు మెట్లు కింద కూర్చున్నాడు, కుడికాలు చాపుకుని. మండపేట నుంచి ఇక్కడి దాకా వాడు నాతో మాట్లాడలేదు. ద్రాక్షారామంలో టీ తాగుదామా అన్నాను. బండి ఆపాడు, ఒక్క టీ చెప్పాడు, అది నా చేతికిచ్చి బండి దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. కోపమైతే తిట్టొచ్చు కదా. చిన్నప్పుడు కోపమొస్తే నా జడ పట్టుకుని లాగేవాడు. పదకొండేళ్ళు చిన్నవాడు నాకన్నా, అమ్మ పొలం పనికి పోతే నా చంకలోనే పెరిగాడు, చంకలో ఉండి జడ లాగేవాడు. ఇప్పుడు ఒక్క టీ.

నాలుగూ ఐదైంది. ఐదింటికి మండపేట టీము జాబితా లీగు వాళ్ళు ఫోన్లో పెడతారు. ఉంచుకున్నవాళ్ళు, మార్చినవాళ్ళు, వదిలేసినవాళ్ళు, మూడు వరుసలు. మావాడి పేరు ఏ వరుసలో పడాలో ఈ యాభై ఐదు నిమిషాల్లో కనకరాజు గారు తన రైసుమిల్లు గదిలో కూర్చుని తేలుస్తాడు. టీము ఆయనది. సన్నీ కూడా ఆయనదే, ఇంకో మూడేళ్ళు. ఉంచుకుంటే నాలుగు లక్షలు వస్తాయి, ఆ డబ్బుతో ఈ వానాకాలంలోనే మోకాలికి ఆపరేషన్ చేయిస్తాం, వచ్చే జనవరికి వాడు మళ్ళీ ఆట కోర్టులో ఉంటాడు. కపిలేశ్వరపురానికి మార్చినా అంతే. వదిలేస్తే డబ్బు లేదు, డబ్బు లేకపోతే ఆపరేషన్ లేదు, ఆపరేషన్ లేనివాణ్ణి తీసుకునే టీము భూమ్మీద లేదు. ఇరవై ఏడేళ్ళు. కబడ్డీ తప్ప వాడికి ఇంకో పని రాదు, నేర్చుకోనివ్వలేదు నేనే, ఆడరా నువ్వు, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. చూసుకున్నాను. ఇదిగో, బ్రహ్మాండంగా చూసుకున్నాను.

అసలు జీతం తేల్చే ఈ మధ్యవర్తి పద్ధతి తెచ్చిందే నేను. లీలావతి అంటే అమలాపురంలో ఆఫీసులకి తెలుసు. పదో తరగతి తప్పాను, అంగన్‌వాడీ ఆయాని, జీతాల కోసం నెల్లాళ్ళు రోడ్డు మీద కూర్చున్నదాన్ని, జీవో కాగితం తెస్తే తిరగేసి మడతేసి చదివి, ఏ లైన్లో మోసం ఉందో వేలు పెట్టి చూపించగలను. లీగు పెట్టినప్పుడు పుస్తకం ఒకటి అచ్చేశారు. ఆటగాడు ఆరేళ్ళు టీము సొత్తు, ఇచ్చింది పుచ్చుకోవాలి. ఎక్కడిదిరా ఈ ఆరేళ్ళ లెక్క అని అడిగితే అమెరికాలో బేస్‌బాల్‌కి ఇదే రూలండీ అన్నారు. సరే, చూద్దామని నేనూ చదివాను. రాత్రీ పగలూ ఫోన్లో, తెలియని మాట తెలుగులోకి మార్పించుకుంటూ చదివాను. బేస్‌బాల్ బంతి గట్టిగా ఉంటుందో మెత్తగా ఉంటుందో ఇప్పటికీ తెలీదు నాకు, ఎంత మంది ఆడతారో కూడా తెలీదు. కానీ ఆట లేని నెలల్లో అక్కడ ఎవణ్ణి ఎవరికి మారుస్తారో అని జనం రోజూ రాసుకునేవి చదివాను. మూడేళ్ళు నిండిన ఆటగాడు అక్కడ జీతం మీద మధ్యవర్తి ముందు కూర్చోవచ్చు. టీము ఒక అంకె చెబుతుంది, ఆటగాడు ఒక అంకె చెబుతాడు, మధ్యవర్తి ఆ రెంటిలో ఒకదాన్నే పలకాలి, నడిమధ్య కుదరదు. ఆహా! ఆరేళ్ళు కట్టేసే ముక్క మోసుకొచ్చారు, అడిగే ముక్క ఓడలోంచి గోదాట్లో పారేశారా అని, కిందటేడు అమలాపురంలో మ్యాచి మధ్యలో రెండు టీముల్నీ కోర్టులో కూర్చోబెట్టాను. గంట సేపు కూత లేదు. లైవులో జనం చూస్తుండగా కమిటీ వాళ్ళు వచ్చి ఒప్పుకున్నారు. ఆ రోజు నన్ను భుజాల మీద ఎత్తినవాళ్ళలో ముందు ఉన్నది రాజోలు టీము నాగసతీష్, బక్క మనిషి, అక్కగారూ మీరు లేకపోతే మేం గొడ్లమేనండి అన్నాడు. ఇంకో ముక్క కూడా చదివాను అప్పట్లోనే. అంకె బరువనిపిస్తే అక్కడి టీము ఆ ఆటగాణ్ణి ఏకంగా వదిలించుకోవచ్చని. వేలితో పైకి తోసేశాను. మనవాళ్ళు అలా చెయ్యరు, మనకి మొహమాటం ఉంటుంది, పదేళ్ళుగా పెళ్ళిళ్ళకి పిలుచుకున్న మనుషులు, ఎలా చేస్తారు అనుకున్నాను. కనకరాజు గారు సన్నీ పెళ్ళికి వచ్చి జాస్మిన్ చేతిలో ఐదువేలు పెట్టి, ఇది మా ఇంటి పిల్లాడమ్మా అన్నాడు కూడాను.

నీళ్ళలో దుంగ ఒకటి కొట్టుకొస్తోంది, దాని మీద కొంగ. ఎంత దర్జాగా నిలబడిందో. సన్నీ దాన్నే చూస్తున్నాడు. వాడి ఫోను మోగుతోంది, జాస్మిన్ అయ్యుంటుంది, తియ్యడం లేదు. నేను తీస్తే ఏం చెప్పాలి? గెలిచామమ్మా అని చెప్పాలి. గెలిచాం కదా. మూడింటికి గెలిచాం. మధ్యవర్తి శ్యామ్ బాబు గారు, రిటైరైన తహసీల్దారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆటగాడు చెప్పిన అంకే నాకు న్యాయంగా తోస్తోంది, నాలుగు లక్షలు అన్నాడు. నేను బల్ల మీద చెయ్యి వేసి కొట్టాను. పక్కకి చూస్తే సన్నీ తల వంచుకుని ఉన్నాడు, సంతోషమనుకున్నాను. బుర్ర తక్కువ దాన్ని.

మా అమ్మ బుజ్జమ్మ సాక్ష్యం చెబితే చర్చిలో ఫ్యాన్లు ఆగిపోయినట్టుండేది. నేనూ సన్నీ చాప మీద కూర్చుని నోళ్ళు తెరిచి వినేవాళ్ళం, మా ఇంట్లో జరిగిందే అయినా. పచ్చకామెర్లొచ్చి కళ్ళు పసుపు ముద్దలైపోయిన సంగతి, డాక్టరు తీసుకుపొమ్మని చెప్పేసిన సంగతి, గుక్కెడు గంజి కూడా దిగక చాప మీద పడున్న సంగతి, అన్నీ చెప్పి చెప్పి, ఇంక అయిపోయింది అని అందరూ ఏడ్చే వేళకి, అప్పుడు లేపాడు నా తండ్రి అనేది. స్తోత్రం అని చర్చి అంతా మోగేది. గొయ్యి ఎంత లోతు చెబితే లేచింది అంత ఎత్తు. ఇది మా పేటలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు, పాలతో వస్తుంది. అప్పాయమ్మ గారైతే తన కడుపులో తీసిన రాళ్ళని గాజు సీసాలో వేసి తెచ్చేది, సీసా చేతులు మారుతుంటే మేం ఊపి వినేవాళ్ళం గలగలమని. పాస్టరు గారు, అప్పాయమ్మ గారూ, క్లుప్తంగా అమ్మా అనేవారు. ఆవిడ, క్లుప్తంగా రాలేదండి రాళ్ళు అనేది. దెబ్బ దాచుకోవడం అంటే మా దగ్గర దేవుడు చేసింది దాచుకోవడమే. సిగ్గుమాలిన పని. నొప్పి చెప్పనివాడికి నొప్పి లేనట్టే, నొప్పి లేనివాడు సాధించింది ఏముంది? నేను ధర్నాల్లో మైకు పట్టినా ఇదే రాగం, వేరే రాగం రాదు నాకు. జ్వరంతో వచ్చిన ఆయమ్మని ముందుకి పిలిచి చెయ్యి ఎత్తి చూపించేదాన్ని. అది పనిచేసింది. ప్రతిసారీ పనిచేసింది.

ఈ రోజు మధ్యవర్తి ముందు మొదట టీము వాళ్ళు మాట్లాడారు. కోచ్ మోహన్ గారు కాగితం చూసి చదివాడు, తల ఎత్తలేదు. మా ఇంట్లో పీతల కూర తిని వేళ్ళు నాకిన మనిషి. సన్నీ బోనస్ గీత దాటడానికి వెనకాడతాడు, ఎడమ పక్క కూతలు తక్కువ, సీజను చివర్లో నెమ్మదించాడు, రెండున్నర లక్షలు ఎక్కువే. ఉంచుకోవాలనుకునే మనిషినే ముందర కూర్చోబెట్టుకుని వీడు పనికిరాడు అని చదవడం, ఎంత దరిద్రమైన పద్ధతి ఇది, అది తెచ్చిందీ నేనే. నెమ్మదించాడు అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. నెమ్మదించాడా? లేచాను. ఎందుకు నెమ్మదించాడో తెలుసాండీ మీకు అన్నాను. ఇక ఆగలేదు. సెమీఫైనల్లో ఎవరో మీద పడితే మోకాల్లో టప్‌మన్న శబ్దం, వాడు నాకు చెప్పిన మాట, ఎండు కొమ్మ విరిగినట్టుందక్కా అని. బొండాంలా వాచిన కాలు. లోపలి నరం సగం తెగిందని స్కానింగు. ఆడితే మిగతాదీ తెగుతుందన్న డాక్టరు. ఫైనల్ రోజు పొద్దున్న సూది వేయించుకుంటుంటే నా చెయ్యి పట్టుకుని వాడు కొరికిన పంటి గాట్లు, ఇదిగో చూడండని జాకెట్టు చెయ్యి పైకి లాగాను. ఆ కాలుతో, ఐదు నిమిషాలుండగా, నాలుగు పాయింట్లు వెనకబడి ఉండగా, మూడు కూతలు, ఆరు పాయింట్లు. కనకరాజు గారికి కప్పు తెచ్చిన కాలండీ ఇది అన్నాను. ఎవరూ అడక్కుండానే సంచీలోంచి స్కానింగు ఫిల్ము తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టాను. అప్పాయమ్మ సీసా. శ్యామ్ బాబు గారి కళ్ళు తడిశాయి. నా పక్కన సన్నీ స్తోత్రం అన్నాడు, మెల్లిగా, అలవాటుగా. నాకు వినబడింది. చెబితే ఏమవుతుందో వాడికీ అప్పటిదాకా తెలీదు, దేవుడా, వాడు కూడా చాప మీద కూర్చున్నవాడే కదా. చెప్పొద్దక్కా అని ఒక్క మాట ముందు అనలేదు, అనాలని వాడికి తట్టలేదు.

టీము తరఫున వచ్చిన లాయరమ్మాయి నిఖిత, ఇంతున్న పిల్ల, అప్పటిదాకా గోళ్ళు చూసుకుంటోంది. అప్పుడు చాలా మర్యాదగా లేచింది.

"మేడమ్ గారూ, ఆ ఫిల్ము ఒక్కసారి చూడొచ్చాండి?"

"చూడమ్మా, తప్పకుండా చూడు."

"సగం తెగిందంటున్నారు. తర్వాత ఆపరేషన్ అయ్యిందాండి?"

"ఎక్కడమ్మా, మీవాళ్ళిచ్చే జీతానికి? ఇదిగో, ఈ నాలుగు లక్షలొస్తే చేయించాలి."

"ఆయ్. థాంక్యూ అండి," అని ఫోన్తో ఫిల్ము ఫోటో తీసుకుని కూర్చుంది. అంతే. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కనకరాజు గారు కుర్చీలోంచి సన్నీ కాలి వైపు చూశాడు. అప్పుడు చూశాను నేను ఆ చూపు. ధాన్యం బస్తాలోకి గొట్టం గుచ్చి నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, తేమ ఉందని తెలిశాక చెయ్యి దులుపుకునే చూపు. సన్నీ కాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

నాలుగూ ఇరవై. రావులపాలెంలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుని లీగు మీద వీడియోలు చేసే రాజ్‌కుమార్ వారం రోజులుగా ఇదే పాట, సన్నీ కపిలేశ్వరపురానికే, ఇద్దరికి ఒకడు, నా దగ్గర లోపలి కబురుంది అని. ఇప్పుడు తీసి చూస్తే కొత్తది పెట్టాడు, పావుగంట అయ్యింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను సన్నీకి వినబడకుండా. మావా, కపిలేశ్వరపురం రమణబాబు గారు వెనక్కి తగ్గేరంట మావా, సన్నీ మోకాలు డేమేజంట, సాక్షాత్తూ వాళ్ళక్కే చెప్పిందంట, ఏమక్కవమ్మా తల్లీ, మార్కెట్లో పెట్టిన గేదెకి పొదుగు వాపని అరిచి చెప్పినట్టుంది. కింద మూడొందల మంది నవ్వారు. ఒక్క మధ్యాహ్నంలో ఇద్దరి విలువ చేసే మనిషి సున్నా అయ్యాడు. కాలు నిన్నా అదే, ఇవాళా అదే. ఆ కాలుతోనే కప్పు గెలిచాడు. మారిందేమిటి, నేను నోరు తెరవడం తప్ప? గేదె అన్నాడు చూడు, వాడికి చెంప పగలాలి. కానీ అబద్ధం ఎక్కడుంది అందులో. గొడ్లం కామని చెప్పడానికే కదా నేను ఆ గదికి వెళ్ళింది. మనిషి పడ్డ బాధ చెబితే మనిషని తెలుస్తుందనుకున్నాను. బాధ చెప్పగానే ధర పడిపోయేది గొడ్డుకే. శ్యామ్ బాబు గారికి తెలిసింది మనిషని, కళ్ళు తుడుచుకున్నాడు, నాలుగు లక్షలన్నాడు, ఇంటికెళ్ళి కాఫీ తాగుతుంటాడు. ఆ అంకె ఇప్పుడు మా మెడకే పడింది. రెండున్నరే పలికి ఉంటే ఆ కాలికైనా ఉంచుకునేవాళ్ళేమో. గెలవకపోతే బతికేవాళ్ళం.

కిందకెళ్ళి వాడి పక్కన కూర్చోవాలి. నాలుగు మెట్లు. వాడి మెడ వెనక పుట్టుమచ్చ కనబడుతోంది, దాని మీద పౌడరు రాసేదాన్ని. ఊపిరి బిగబట్టడం నేర్పింది నేనే వాడికి, కాలవలో, నా పిడికిలి పట్టుకుని మునిగేవాడు, నేను పైన అంకెలు లెక్కపెట్టేదాన్ని, యాభై దాటితే భయమేసి జుట్టు పట్టి పైకి లాగేదాన్ని. ఇంకా ఉండగలను, ఎందుకు లాగేవు అని ఏడ్చేవాడు. సన్నీ, అని పిలిచాను. మెడ కదలలేదు. సన్నీ, కనకరాజు గారికి ఫోన్ చెయ్యనా? కాళ్ళు పట్టుకుంటాను. నేను, లీలావతిని, ఎవడి కాళ్ళూ పట్టని దాన్ని, పట్టుకుంటాను, రెండున్నరకే ఒప్పుకుంటామని చెబుతాను. వాడు వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డంగా ఊపాడు. అయినా చేశాను. మూడుసార్లు. మోగింది, ఆగింది. నాలుగోసారి మిల్లు గుమాస్తా ఎత్తి, అయ్యగారు పూజలో ఉన్నారండి, ఐదు దాటేక చెయ్యమన్నారండి అన్నాడు. నాలుగున్నరకి ఏ పూజ? మొహమాటం అంటే ఇదన్నమాట. వదిలెయ్యకుండా ఆపేది కాదు, వదిలేసేటప్పుడు ఫోన్ ఎత్తకుండా ఆపేది.

షెడ్డు కింద జనం పెరిగారు. కొబ్బరి పీచు బస్తాలతో ఒక ఆటో, స్కూటీ మీద ఇద్దరు నర్సులు. అవతల పంటు దగ్గర ఎవరో గుడ్డ ఊపుతున్నారు, బాగయ్యిందనో ఇంకా కాలేదనో. నర్సుల్లో ఒకామెని అడిగితే, మోకాలి నరం దానంతటదే అతుక్కోదా అమ్మా అని అడిగితే? అడగలేదు. జీవితంలో మొదటిసారి నోటి దాకా వచ్చిన మాట మింగాను, ఎందుకంటే ఆమెకి కూడా ఫోను ఉంటుంది.

ఐదూ మూడుకి జాబితా పడింది. ఉంచుకున్నవాళ్ళు పన్నెండు మంది, ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చదివాను, జీవో చదివినట్టు. లేడు. మార్చినవాళ్ళు, నలుగురు. లేడు. మళ్ళీ మొదటి వరుస చదివాను. మూడో వరుసలో ఒకటే పేరు. వదిలేసిన వాళ్ళలో ఒకటే పేరుంటే వరుస అని ఎందుకంటారో. వాడూ చూశాడు, కింద మెట్టు మీద, వాడి ఫోన్లో. ఫోను జేబులో పెట్టుకుని చాపిన కాలుని రెండు చేతులతో ఎత్తి, ఒడిలో నిద్రపోయిన పిల్లని సర్దినట్టు, ఇంకో మెట్టు మీద పెట్టుకున్నాడు. టికెట్లాయన కూడా ఫోన్ చూస్తున్నాడు. మా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"అచ్చు తప్పు పడుంటదండి," అన్నాడు. "ఈ కంప్యూటర్లు నమ్మడానికి లేదండి బాబూ."

సన్నీ, "ఆయ్, అయ్యుంటదండి," అన్నాడు. పాపం ఆయన్ని నొప్పించడం ఎందుకని.

నా ఫోను మోగింది. కనకరాజు గారనుకున్నాను, సిగ్గులేని గుండె ఎగిరింది. నాగసతీష్. రేపు రాజోల్లో వాడి వంతు, వాడి తరఫున నేనే మాట్లాడాలి, కాగితాలన్నీ నా సంచీలోనే ఉన్నాయి.

"అక్కగారూ, భోంచేసేరాండి?"

"చెప్పరా."

"అది కాదండి, రేపు వానంటున్నారు కదండీ. అంత దూరం మీకు శ్రమ ఎందుకని. వాళ్ళిచ్చిందానికే సంతకం పెట్టేద్దామనుకుంటున్నానండి."

"నీ అంకె న్యాయమైందిరా, సతీషూ."

"ఆయ్, న్యాయమేనండి. మీరు చెప్పేవన్నీ న్యాయమేనండి అక్కగారూ." అని గొంతు తగ్గించాడు. "సన్నీ గాడు పక్కనున్నాడాండి?"

సన్నీ అప్పటికే లేచి మెట్లెక్కి వస్తున్నాడు, కుడికాలు ముందు పెట్టి, దానికి ఎడమకాలు కలిపి, ఒక్కొక్క మెట్టూ. చెయ్యి చాపాడు. ఫోనిచ్చాను.

"ఒరే... చూసేన్లే. ఏడవకెహె. ఒరే, ముందిది విను. నీ భుజం సంగతి ఎవరికన్నా చెప్పేవా?... మీ ఆవిడకి?... ఊఁ. ఇంకెవరికీ చెప్పకు. ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పమంటే గొంతు బాగోలేదను. అక్క ఫోన్ చేసి అడిగినా సరే, బాగానే ఉందను."

ఫోను నా ఒళ్ళో పెట్టి బండి దగ్గరకి వెళ్ళాడు. అవతల పంటు పొగ వదిలి కదిలింది, జనం బస్తాలు ఎత్తుకుంటున్నారు. నాగసతీష్ భుజానికి ఏమైందో, ఎప్పుడైందో నాకు తెలీదు. వాడి కాగితాలు నా సంచీలో ఉన్నాయి, వాటిలో ఎక్కడా లేదు. ఏమైందిరా వాడికి అని అడగబోయాను. సన్నీ బండి స్టాండు తీస్తూ నా నోటి వైపు చూస్తున్నాడు. అడగలేదు.